రెండు తాళంచెవుల ఇల్లు

బ్యాంకులో లాకరు ఉన్నవాళ్ళకి ఈ సంగతి తెలుసు. మన చేతిలో తాళంచెవి ఉన్నంత మాత్రాన అది తెరుచుకోదు. బ్యాంకు మనిషి వచ్చి తన తాళంచెవి కూడా తిప్పాలి. లోపలి నగలు మనవే, వాటిమీద బ్యాంకుకి ఏ హక్కూ లేదు. అయినా ఆ మనిషి రానిదే మన పెట్టె మనకే తెరుచుకోదు. దీన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు, పైగా ధీమాగా ఉంటారు.

ఇలాంటి తాళం ఒక ఇంటికి వేస్తే ఎలా ఉంటుందని జర్మనీలోని ఫ్రైబుర్గ్ పట్టణంలో కొందరు అద్దెవాళ్ళకి తోచింది. 1992లో వేసి చూపించారు. పాడుబడ్డ కట్టడాలను బాగుచేసుకుని, కొద్దిపాటి అద్దెతో కలిసి ఉండేవాళ్ళు అప్పటికే చాలా నగరాల్లో ఉన్నారు. వాళ్ళకి ఇల్లు దొరకడం, బాగుపడడం అయ్యాక మూడో కష్టం ఒకటి ఎదురయ్యేది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు ఆ మూడో కష్టం చూడలేదు. పాడుబడ్డ ఇంటిని బాగుచేసిన తర్వాత అందులో నిలబడి చూడాలి.

చెమటే పెట్టుబడి

కథ మొదలు న్యూయార్కులో. 1970ల్లో ఆ నగరం దివాలా అంచున ఉంది. ఉద్యోగాలు పోయాయి, మధ్యతరగతి జనం శివార్లకు తరలిపోయారు. 1973 తర్వాత చమురు ధర చుక్కలనంటింది. చలిదేశంలో మేడంతా వెచ్చబరచడానికి అయ్యే ఖర్చు, వచ్చే అద్దెను మింగేసింది. యజమానులు ముందు మరమ్మతులు మానేశారు, తర్వాత ఆస్తిపన్ను ఎగ్గొట్టారు, చివరికి మేడనే వదిలేసి వెళ్ళిపోయారు. బీమా సొమ్ముకోసం నిప్పంటించిన మేడలకూ కొదవలేదు. సౌత్ బ్రాంక్స్, హార్లెం, మాన్‌హటన్ తూర్పు దిగువన ఉన్న పేటల్లో వీధులకు వీధులే కిటికీలు లేని గోడలుగా మిగిలాయి.

పన్ను కట్టని ఆస్తిని నగరం స్వాధీనం చేసుకోవచ్చు. అంతకుముందు మూడేళ్ళ బకాయి ఉంటేగాని ఆ అధికారం ఉండేది కాదు. 1976లో చట్టం మార్చి, అద్దె మేడలకు ఒక్క ఏడాది బకాయి చాలన్నారు. దాంతో నగరపాలిక తనకి ఇష్టం లేకుండానే వేలాది పాడుబడ్డ వాటాలకు ఇంటి యజమాని అయి కూర్చుంది. అమ్ముదామంటే కొనేవాడు లేడు. బాగుచేద్దామంటే ఖజానా ఖాళీ.

మరోవైపు అదే వీధుల్లో ఎక్కువగా ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుటుంబాలు ఇరుకు గదుల్లో నలిగిపోతున్నాయి. ఎదురుగా మేడ ఖాళీ, ఇక్కడ కాలు చాపుకోడానికి చోటు లేదు. తూర్పు 11వ వీధిలో 519 నంబరు మేడ మంటల్లో దెబ్బతిని మొండిగోడలతో నిలబడి ఉండేది. 1974లో ఆ పేట యువకులు దాన్ని నగరం నుంచి తీసుకున్నారు. చేతిలో డబ్బు లేదు. నగరం ఇచ్చిన అప్పుతో సామాను కొని, పని తామే చేశారు. కాలిన దూలాలు దింపారు, చెత్త మోశారు, గిలాబు కొట్టారు, నీళ్ళ గొట్టాలు బిగించడం నేర్చుకున్నారు. బ్యాంకులో చూపించాల్సిన సొంత సొమ్ముకి బదులు చెమటను లెక్కగట్టించుకున్నారు. మన ఊళ్ళలో శ్రమదానం అంటాం. ఇది దానం కాదు. చిందించిన చెమటకి ఇంట్లో వాటా.

ఈ పద్ధతికి ఒక చిరునామా కూడా ఏర్పడింది. 1973లో సెయింట్ జాన్ ది డివైన్ అనే పెద్ద చర్చి అండతో 'అర్బన్ హోమ్‌స్టెడింగ్ అసిస్టెన్స్ బోర్డ్' అనే సంస్థ పుట్టింది. ఆ చర్చి పెద్ద జేమ్స్ పార్క్స్ మోర్టన్ దానికి నీడనిచ్చాడు. అప్పు దరఖాస్తు ఎలా నింపాలి, మేస్త్రీ పని ఎవరి దగ్గర నేర్చుకోవాలి, పద్దులు ఎలా రాయాలి వంటివన్నీ ఆ సంస్థ దగ్గరుండి చూపేది.

519 నంబరు మేడవాళ్ళు అంతటితో ఆగలేదు. కొంప ముంచింది చమురు ఖర్చే కాబట్టి ముందు దాని సంగతి చూడాలనుకున్నారు. నీళ్ళు కాగడానికి మిద్దెమీద సౌర ఫలకాలు పెట్టారు. 1976 నవంబరులో రెండు కిలోవాట్ల గాలిమర నిలబెట్టి, వాడగా మిగిలిన కరెంటుని నగరపు తీగల్లోకి వదిలారు. మీటరు వెనక్కి తిరగడం చూసి కాన్ ఎడిసన్ కరెంటు కంపెనీ అభ్యంతరం చెప్పింది. దేశానికి అటార్నీ జనరల్‌గా పనిచేసిన రామ్సే క్లార్క్ ఈ మేడవాళ్ళ తరఫున నిలబడ్డాడు. చివరికి కంపెనీ ఒప్పుకోక తప్పలేదు. పదకొండు వాటాల మేడ ఒక మహానగరపు కరెంటు కంపెనీని దారికి తెచ్చిందన్న వార్త దూరం దూరం పాకింది.

1978లో నగరం ఇంకో అడుగు వేసింది. తన చేతికొచ్చిన మేడల్లో మిగిలి ఉన్న అద్దెవాళ్ళు సంఘంగా ఏర్పడి, కొంతకాలం మేడను సక్రమంగా నడిపి చూపిస్తే, ఒక్కో వాటా 250 డాలర్లకి వాళ్ళకే ఇచ్చేస్తామంది. ఇలా పేదల సహకార మేడలు వెయ్యికి పైగా తయారయ్యాయి.

గొడుగు మేడ

అందరూ దరఖాస్తు పెట్టి రాలేదు. 1980ల్లో కొందరు నేరుగా తలుపు పగలగొట్టి లోపలికి వెళ్ళారు. అవెన్యూ సీలో ఒక మేడ ఉంది. 1988లో జనం దాంట్లో చేరినప్పుడు పైకప్పు ఎంత చిల్లులు పడి ఉందంటే, వాన వస్తే ఇంట్లోనే గొడుగు వేసుకోవాల్సి వచ్చేది. అందుకే దాని పేరు 'అంబ్రెల్లా హౌస్' అయింది. పద్నాలుగేళ్ళు పోలీసులతో, నోటీసులతో నెట్టుకొచ్చాక 2002లో నగరం ఇలాంటి పదకొండు మేడలను ఒక్కొక్కటీ ఒక్క డాలరుకి ఆ హోమ్‌స్టెడింగ్ సంస్థకి అప్పగించింది. గొడుగు మేడ కూడా వాటిలో ఉంది. వాటిని పద్ధతి ప్రకారం బాగుచేసి, ఉంటున్నవాళ్ళ సహకార సంఘాలకి ఇవ్వాలని ఏర్పాటు.

ఇంతవరకూ విజయగాథే. అయితే ఈలోగా నగరం కోలుకుంది. ఒకప్పుడు టాక్సీలు రావడానికి భయపడ్డ వీధుల్లో కాఫీ దుకాణాలు వెలిశాయి. 250 డాలర్లకి వచ్చిన వాటాకి లక్షల డాలర్ల బేరం మొదలైంది. కొనేవాడి ఆదాయం ఇంత మించకూడదని నిబంధన ఉంది. కానీ చాలా పాత సంఘాల్లో అమ్మే ధరకి పైహద్దు లేదు. ఆదాయం తక్కువైనా తండ్రి ఆస్తి ఉన్న కుర్రాడు వచ్చి కొనుక్కోవచ్చు. ఆదాయమూ ఆస్తీ రెండూ లేనివాడు గుమ్మం కూడా తొక్కలేడు. ముప్పై ఏళ్ళ కిందట ఇటుకలు మోసిన మనిషి అమ్ముకుంటే తప్పుపట్టడానికి మనమెవరం? ముసలితనంలో అతని దగ్గరున్న ఆస్తి అదొక్కటే. కానీ అతను అమ్మిన రోజున పేదవాడి ఇల్లు నగరంలో ఒకటి తగ్గింది. అది తిరిగి రాదు. ఈ అనుభవంతోనే 2002 నాటి పదకొండు మేడల ఒప్పందంలో అమ్మకపు ధరకి పరిమితి రాశారు.

ఫ్రైబుర్గ్ తాళం

ఫ్రైబుర్గ్‌కి కథ వేరే దారిలో వచ్చింది. బ్లాక్ ఫారెస్ట్ కొండల పక్కన ఉన్న విశ్వవిద్యాలయ పట్టణం అది. విద్యార్థులకి గదులు దొరకవు. మరోపక్క పాత ఇళ్ళను యజమానులు ఖాళీగా ఉంచేవారు, పడగొట్టి పెద్ద భవనాలు లేపడానికి. 1970ల చివర్లో యువకులు ఇలాంటి ఇళ్ళను ఆక్రమించుకున్నారు. 'డ్రైజామెక్' అనే మూలమీది ఇళ్ళ సముదాయాన్ని 1980 జూన్‌లో పోలీసులు ఖాళీ చేయించినప్పుడు వేలమంది వీధుల్లోకి వచ్చారు. అయినా ఇళ్ళు దక్కలేదు. ఆక్రమణ అనేది పోలీసు బండి వచ్చేదాకానే అని అందరికీ అర్థమైంది.

అదే పట్టణంలో గ్రేథర్ అనే పాత కార్ఖానా ఉండేది. ఒకప్పుడు అగ్నిమాపక యంత్రాలు చేసిన చోటు, మూతబడి కూల్చివేతకి ఎదురు చూస్తోంది. కొందరు దాన్ని కూల్చకుండా అడ్డుపడి, ఏళ్ళ తరబడి నగరంతో బేరసారాలు చేసి, విడతలవారీగా ఇళ్ళుగా మార్చుకున్నారు. రేడియో డ్రైఎక్‌లాండ్ అనే స్వేచ్ఛా రేడియో కూడా ఆ ఆవరణలోనే గూడు కట్టుకుంది.

కార్ఖానా దక్కాక వాళ్ళని ఒక ప్రశ్న పట్టుకుంది. ఇప్పుడు మనమంతా ఆదర్శంతో ఉన్నాం. ఇరవై ఏళ్ళ తర్వాత? మనం వెళ్ళిపోయాక వచ్చినవాళ్ళు మెజారిటీ ఓటుతో ఆస్తిని అమ్ముకుని తలా కాస్త పంచుకుంటే? వాళ్ళ కళ్ళముందే అలాంటివి జరిగాయి. 'నోయె హైమాట్' అనే మహా గృహసంస్థ కార్మిక సంఘాల సొంతం. దానికి లక్షకు పైగా ఇళ్ళున్నాయి. అవకతవకలు బయటపడి, అప్పుల్లో మునిగి, 1986లో దాన్ని ఒక బెర్లిన్ రొట్టెల వ్యాపారికి అమ్మేశారు. వెల ఒక్క మార్కు. ఆ బేరం కొద్ది వారాల్లోనే రద్దయింది కాని, 'కార్మికుల ఇల్లు' అన్న మాటకి విలువ ఎంతో లోకం చూసేసింది. ఆపైన లాభాపేక్ష లేని గృహసంస్థలకు పన్ను రాయితీలిచ్చి, బదులుగా అద్దెలకు కట్టడి పెట్టిన పాత చట్టాన్ని పశ్చిమ జర్మనీ 1990 నుంచి ఎత్తేసింది. ఇక మంచివాళ్ళని నమ్ముకుంటే సరిపోదు. చెడ్డరోజు వచ్చినా నిలిచే కాగితం కావాలి.

ఆ కాగితం కోసం వాళ్ళు చూసిన చోటు విచిత్రం. పెట్టుబడిదారులంటే పడనివాళ్ళు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చట్టాన్ని పట్టుకున్నారు. కారణం ఉంది. సంఘంలోగాని సహకార సంస్థలోగాని సభ్యులు తగినంత మెజారిటీతో నియమావళిని మార్చేయగలరు. కంపెనీలో వాటాదారులు ఇద్దరే ఉండి, ముఖ్యమైన విషయాల్లో ఇద్దరికీ చెరో ఓటు ఉంటే, ఒకరు కాదన్నది జరగదు.

ఏర్పాటు ఇలా కుదిరింది. ప్రతి ఇంటికీ ఒక చిన్న కంపెనీ పెడతారు. ఇంటి పట్టా ఆ కంపెనీ పేర ఉంటుంది. మొదటి వాటాదారు ఆ ఇంట్లో ఉండేవాళ్ళ సంఘం. రెండో వాటాదారు అన్ని ఇళ్ళకూ ఉమ్మడి సంస్థ అయిన 'మీట్స్‌హొయిజర్ సిండికాట్', అంటే అద్దె ఇళ్ళ సమాఖ్య. జర్మనీలో ఇలాంటి కంపెనీకి కనీస మూలధనం 25,000 యూరోలు. అందులో ఇంటి సంఘం 12,600, సమాఖ్య 12,400 వేసుకుంటాయి. ఎవరిని చేర్చుకోవాలి, అద్దె ఎంత, ఏ మరమ్మతు ముందు, వంటింట్లో గిన్నెలు ఎవరు కడగాలి అన్నవన్నీ ఇంటివాళ్ళ ఇష్టం. సమాఖ్య తలదూర్చదు. ఇల్లు అమ్మాలన్నా, వాటాలుగా విడదీసి ఎవరిది వాళ్ళు రాయించుకోవాలన్నా, నియమావళి మార్చాలన్నా మాత్రం రెండో తాళంచెవి తిరగాలి. సమాఖ్య ఉన్నదే దాన్ని తిప్పకుండా ఉండడానికి. అలాగని ఆ ఇంటిని సమాఖ్య ఒక్కటే అమ్ముకోనూ లేదు. మొదటి తాళంచెవి దాని దగ్గర లేదు.

మరి డబ్బు? పేదవాళ్ళు ఇల్లు కొనేదెలా? కొంత బ్యాంకు అప్పు. తక్కింది స్నేహితులు, చుట్టాలు, ఈ పని బాగుందనుకున్నవాళ్ళు కొద్ది వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే చేబదుళ్ళు. కంపెనీ దివాలా తీస్తే ఈ చేబదుళ్ళు వరసలో చివర ఉంటాయని ముందే రాసుకుంటారు. అందువల్ల బ్యాంకు వాటిని సొంత సొమ్ము కిందే జమకడుతుంది. ఇంట్లో ఉండేవాడు విడిగా పెట్టుబడి పెట్టనక్కర్లేదు. అద్దె కడితే చాలు, ఆ అద్దెతో అప్పులు తీరతాయి. వెళ్ళిపోయేటప్పుడు వాటా అడగడానికి ఏమీ ఉండదు.

అప్పు తీరేకొద్దీ ఇంటికి ఖర్చు తగ్గుతుంది. ఆ మిగులు ఏమవ్వాలి? ఇక్కడ వాళ్ళు చేసిన పని మన ఉమ్మడి కుటుంబాలకు కొత్తకాదు. పెద్దవాడి సంపాదన తమ్ముళ్ళ చదువుకి వెళ్ళినట్టు, పాత ఇల్లు కొత్త ఇళ్ళకి సాయం చేస్తుంది. చదరపు మీటరుకి నెలకి 10 సెంట్లతో మొదలై ఏటా కొంచెం పెరిగే చందా ఉమ్మడి నిధికి చేరుతుంది. కొత్తగా వచ్చే ఇంటి కంపెనీలో సమాఖ్య వాటాకి సొమ్ము ఆ నిధిలోంచే వస్తుంది.

1992లో ఒక పట్టణంలో మొదలైన ఈ వరసలో ఇప్పుడు జర్మనీ అంతటా 170కి పైగా ఇళ్ళున్నాయి. కొన్నింటిలో ఒక్కో కుటుంబానికి విడి వాటా ఉంటే, కొన్నింటిలో పదిమందికి ఒకటే వంటిల్లు. ఆస్ట్రియాలో 'హాబిటాట్', నెదర్లాండ్స్‌లో 'ఫ్రైకోప్' ఇదే తాళాన్ని తమ చట్టాలకు తగినట్టు పోత పోసుకున్నాయి. ఎదురుదెబ్బలూ లేకపోలేదు. మరమ్మతు ఖర్చు అంచనా దాటి ఒక ఇల్లు దివాలా తీసింది, చేబదుళ్ళు ఇచ్చినవాళ్ళ సొమ్ము మునిగింది. తాళం అమ్మకాన్నే ఆపగలదు, పైకప్పు లెక్క తప్పితే అదేం చేస్తుంది?

లైప్జిగ్‌లో పరీక్ష

తాళం ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా చూడాలంటే లైప్జిగ్ వెళ్ళాలి. తూర్పు జర్మనీ కాలంలో అక్కడి వందేళ్ళ నాటి మేడలకు దశాబ్దాలపాటు సున్నం కూడా పడలేదు. 1989 నవంబరులో, బెర్లిన్ గోడ కూలడానికి మూడు రోజుల ముందు, అక్కడి టీవీలో లైప్జిగ్‌ని ఇంకా కాపాడగలమా అని అడిగే డాక్యుమెంటరీ వచ్చింది. గోడ కూలాక జనం పడమటికి వలసపోయారు. 1989లో 5,30,000 మంది ఉన్న నగరం 1998 నాటికి 4,37,000కి పడిపోయింది. 2000 ప్రాంతంలో సుమారు 60,000 ఇళ్ళు ఖాళీ. వారసులు ఎవరో తేలని ఇళ్ళు కొన్ని, వారసులు తేలినా బాగుచేసే స్తోమత లేనివి కొన్ని. ప్రభుత్వం కూల్చడానికి డబ్బిచ్చింది.

2004లో కొందరు వాస్తుశిల్పులు, పేట పౌరులు కలిసి 'హౌస్‌హాల్టెన్' అనే సంఘం పెట్టారు. వాళ్ళ సూత్రం మన అమ్మమ్మలకి తెలిసిందే: మనిషి మసలని ఇల్లు నిలవదు. యజమాని దగ్గరికి వెళ్ళి, అద్దె అడక్కు, అయిదేళ్ళపాటు ఇల్లు మాకివ్వు అన్నారు. పైకప్పు కారకుండా చూసి, నీళ్ళూ కరెంటూ దాకా తీసుకురావడం యజమాని వంతు. లోపల గోడలు, నేల, రంగులు చేరేవాళ్ళ వంతు. వాళ్ళు కట్టేది కరెంటు, నీళ్ళ ఖర్చులూ సంఘానికి చిన్న చందా. ఇంటి ముందు పెద్ద పసుపు గుడ్డమీద 'వెష్టర్‌హౌస్' అని రాసి వేలాడదీశారు. కాపలా ఇల్లు అని అర్థం. చిత్రకారులు, విద్యార్థులు, చిన్నపనుల వాళ్ళు చేరారు. లారీల రొదకి ఎవరూ ఉండని మూల ఇళ్ళల్లో మళ్ళీ దీపం వెలిగింది. పద్ధతి హాలె, కెమ్నిట్స్ నగరాలకూ పాకింది.

మేడలు బతికాయి. అదే చిక్కు తెచ్చింది. నగరం కోలుకుంది, జనాభా 6 లక్షలు దాటింది, ఇళ్ళకి గిరాకీ పెరిగింది. అయిదేళ్ళ గడువు తీరాక ఇల్లు యజమానిది. అతను అద్దె పెంచుకున్నా, అమ్ముకున్నా ఒప్పందం ప్రకారం తప్పులేదు. కాపలా కాసినవాళ్ళు చాలామంది మూటాముల్లే సర్దుకున్నారు. అదే లైప్జిగ్‌లో, ధరలు నేలమీదున్న ఆ రోజుల్లో అద్దె ఇళ్ళ సమాఖ్య పద్ధతిలో కొన్న ఇళ్ళూ పదికి పైగా ఉన్నాయి. వాటిని బాగుచేసిందీ అలాంటి మనుషులే, అలాంటి చేతులే. వీధి ధర పెరిగినా అక్కడ అద్దె దానితో పరుగెత్తలేదు, ఎందుకంటే అమ్మకానికి లేని ఇంటికి బజారు ధరతో పనిలేదు.

మన గుమ్మం దగ్గర

2011 జనగణన లెక్కలో భారతదేశపు పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్ళు ఖాళీ. మరుసటి ఏడాది కేంద్రం నియమించిన సాంకేతిక బృందం తేల్చిన పట్టణ గృహాల కొరత సుమారు 1.88 కోట్లు. ఈ రెండు అంకెలూ ఒకే దేశానివి. 2020లో కేంద్రం తెచ్చిన అద్దె గృహ సముదాయాల పథకం, ప్రభుత్వ సొమ్ముతో కట్టి ఖాళీగా పడి ఉన్న ఇళ్ళను వలస కూలీలకు అద్దెకివ్వాలంది. ప్రైవేటు ఇళ్ళ తలుపు మాత్రం అది తట్టలేదు. హైదరాబాదులో పొద్దుగూకాక ఏ అపార్ట్‌మెంటు కేసి చూసినా కొన్ని బాల్కనీలు చీకటిగానే ఉంటాయి. కిందనే, హాస్టల్ గదిలో నలుగురు కుర్రాళ్ళు ఒక ఫ్యాను కింద సర్దుకుంటూ, 'బ్యాచిలర్లకు ఇవ్వబడదు' అన్న టులెట్ బోర్డులు చదువుకుంటూ ఉంటారు.

పరాయి చట్టం మనకి యథాతథంగా అతకదు. కానీ ఆ ఆలోచన మనకి పూర్తిగా పరాయిది కాదు. బాటసారుల కోసం సత్రం కట్టించి, దాన్ని అమ్మే హక్కు తన వారసులకు కూడా లేకుండా రాసిన దాతలు మన ఊళ్ళలో ఉన్నారు. ఉండేవాళ్ళకే పెత్తనం ఇచ్చి, అమ్మే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకపోవడం ఫ్రైబుర్గ్ వాళ్ళు జోడించిన కొత్త ముక్క.

మనం ఇల్లు కొన్నప్పుడు దస్తావేజులో దాన వినిమయ విక్రయాది సర్వహక్కులూ సంక్రమించినట్టు రాయిస్తాం. రాసే లేఖరికీ, సంతకం పెట్టే మనకీ అది నోటికి వచ్చిన పాఠం, ఆగి చదివేవాళ్ళు తక్కువ. గ్రేథర్ కార్ఖానా అద్దెవాళ్ళు ఆగి చదివారు. ఆ వరసలోంచి 'విక్రయ' అన్న ఒక్క మాట కొట్టేస్తే ఇంటికి ఏమవుతుందో చూద్దామనుకున్నారు. ముప్పై ఏళ్ళు దాటింది. వాళ్ళ ఇంటి తలుపుకి ఇప్పటికీ టులెట్ బోర్డే తగులుతుంది, ఫర్ సేల్ బోర్డు తగలదు.